నల్లపొగ లెక్క

హైదరాబాదు దబీర్‌పురా స్టేషన్లో డీజిల్ ఇంజన్ బండిని ఎలా కదిలించేదో చూసినవాళ్ళకు ఆ పొగ గుర్తుండే ఉంటుంది. డ్రైవరు హ్యాండిల్‌ను ఒక నాచ్ పైకి తిప్పగానే ఇంజన్ నెత్తిమీది గొట్టంలోంచి కాటుకలాంటి పొగ గుప్పున లేచేది. రెండు మూడు సెకన్ల తర్వాత లోపలెక్కడో సన్నగా ఈల మొదలయ్యేది. ఈల పెరిగేకొద్దీ పొగ నలుపు విరిగి బూడిదరంగుకు దిగేది. అప్పుడు గానీ బండి బరువు ఇంజన్ చేతికి చిక్కేది కాదు. మీటర్‌గేజి రోజుల్లో ఈ దారిన ఆరు సిలిండర్ల వైడీఎం-4 ఇంజన్లు నడిచాయి. 1990లలో పట్టాలు బ్రాడ్‌గేజికి మారాక పదహారు సిలిండర్ల డబ్ల్యూడీఎం-2 వచ్చింది. రెండూ అమెరికా ఆల్కో కంపెనీ 251 వంశంలోవే. అందుకే పొగా ఒకటే, ఈలా ఒకటే.

ఆ నల్లపొగ చూసి ‘అబ్బ, ఏం బలం!’ అనుకునేవాళ్ళం పిల్లలం. అది ఇంజన్ ఊపిరాడక పడే అవస్థ అని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. సిలిండర్లోకి నూనె ముందే పడింది, దాన్ని పూర్తిగా కాల్చే గాలి ఇంకా రాలేదు. కాలని నూనెలోని కార్బన్ మసిగా బయటికి పోతోంది. ఈల వేసేది టర్బోచార్జర్. గాలి తెచ్చే పని దానిదే. ఆ రెండు మూడు సెకన్లు అది నిద్ర లేస్తోంది.

ఇప్పుడా పట్టాల మీద ఎంఎంటీఎస్ కరెంటు బండ్లు పొగ లేకుండా పోతున్నాయి. నల్లపొగ లెక్క మాత్రం స్టేషన్ దాటి గల్లీలోకి వచ్చేసింది. దబీర్‌పురాలో ఒక మెకానిక్ షెడ్డు ముందు మొన్న నేను నా బండి పని కోసం కూర్చుని ఉంటే, ఇరవై రెండేళ్ళ కుర్రాడొకడు స్విఫ్ట్ డీజిల్ కారు తెచ్చి ఆపాడు. డ్రాగ్ పోటీకి వెళ్తాడట. బానెట్ ఎత్తకముందే ఫోన్ తీసి, తళతళలాడే పెద్ద టర్బో బొమ్మ చూపించాడు.

“ఉస్తాద్, ఇది పెట్టు. 120 హార్స్‌పవర్ కావాలె.”

ఉస్తాద్ ఫోన్ వైపు చూడలేదు. “మొదలు చెప్పు బేటా, ఎంత గాలి కావాలె నీ బండికి?”

కుర్రాడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఇంటికొచ్చి కాగితం మీద వేసిన లెక్కే ఇది.

ముందు టర్బో సంగతి. ఒక ఇరుసు, దాని రెండు చివర్లా రెండు చిన్న చక్రాలు. ఒక చక్రాన్ని సైలెన్సర్‌కు పోయే వేడిపొగ తిప్పుతుంది. అది టర్బైన్. రెండో చక్రం బయటి గాలిని పీల్చి, ఒత్తి, ఇంజన్లోకి తోస్తుంది. అది కంప్రెసర్. పారేసే పొగతో పని చేయించుకునే ఈ ఉపాయానికి స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకీ 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. ఇందులో ఒక పీటముడి ఉంది. గాలి ఎక్కువ రావాలంటే పొగ జోరుగా రావాలి, పొగ జోరుగా రావాలంటే గాలి ఎక్కువుండాలి. పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు అన్న సామెతే. ఆల్కో ఇంజన్ ఈ ముడిని నల్లపొగ కక్కుతూ విప్పుకునేది. తర్వాత వచ్చిన డబ్ల్యూడీజీ-4 రకం ఇంజన్లలో టర్బోను మొదట్లో ఇంజనే పళ్ళచక్రాలతో తిప్పుతుంది. పొగ జోరందుకున్నాక క్లచ్ వదిలేసి టర్బో తన దారిన తాను తిరుగుతుంది. అందుకే వాటికి ఆ మసి తక్కువ. మెకానిక్ షెడ్డులో అంత వైభోగం కుదరదు. కారుకు సరైన కొలత టర్బో ఎంచుకోవడమొక్కటే దారి.

పెట్రోలు ఇంజన్ కంటే డీజిల్‌కు టర్బో బాగా అచ్చి వస్తుంది. మామూలు పెట్రోలు ఇంజన్లో గాలీ పెట్రోలూ కలిసి లోపలికి వెళ్తాయి. మరీ ఒత్తితే మంట చేరకముందే తనంతట తానే అంటుకుని లోపల సుత్తి దెబ్బలు మొదలవుతాయి. డీజిల్ ఇంజన్ ఒత్తేది ఒట్టి గాలిని. నూనె చివరి క్షణంలో చిమ్ముతుంది, చిమ్మిన చోటే మండుతుంది. కాబట్టి గాలి ఎంత తోసినా కాదనదు, లోహం తట్టుకున్నంత వరకు. యాక్సిలరేటర్ తొక్కితే పెరిగేది నూనె. గాలిని ఆపే రెక్క అందులో ఉండదు, ఉన్నా డ్రైవరు కాలికి అది కట్టుబడి ఉండదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఇక కుర్రాడి కారు. అందులోది 1,248 సీసీల నాలుగు సిలిండర్ల ఇంజన్, ఫియట్ వాళ్ళ మల్టీజెట్. 2007లో స్విఫ్ట్‌లోకి వచ్చి, ఆ తర్వాత డిజైర్, రిట్జ్, ఇండికా విస్టా, పుంటో, లీనియా అని ఊరందరి బానెట్ల కింద చేరింది. ఊళ్ళో ఏ మెకానిక్ కళ్ళు మూసుకునైనా విప్పగల ఇంజన్. 2020లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక దాని కథ ముగిసింది. స్విఫ్ట్‌లో దాని శక్తి 75 గుర్రాలు. ఆ 75ను 120 చేయాలన్నది కోరిక.

120 గుర్రాలంటే సుమారు 89.5 కిలోవాట్లు. ఇలాంటి డీజిల్ ఇంజన్ పూర్తి జోరులో ఒక కిలోవాట్‌ను గంటసేపు ఇవ్వడానికి సుమారు 240 గ్రాముల నూనె తాగుతుందనుకుందాం. అంటే గంటకు 21.5 కిలోలు. కిలో నూనెను మసి లేకుండా కాల్చాలంటే రసాయన లెక్క ప్రకారం పద్నాలుగున్నర కిలోల గాలి చాలు. కానీ సిలిండర్లో నూనె తుంపరకూ గాలికీ కలుసుకునే వ్యవధి సెకనులో వందో వంతు కూడా లేదు. అందుకని ఇరవై కిలోలైనా ఉండాలి. గంటకు 430 కిలోల గాలి, నిమిషానికి 7.2 కిలోలు. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో గాలినంతా ఆ చిన్న ఇంజన్ నాలుగు నిమిషాల్లో తాగేస్తుంది.

ఇప్పుడు ఇంజన్ తనంతట తాను ఎంత పీలుస్తుందో చూడాలి. నిమిషానికి 4,500 చుట్ల దగ్గర, సిలిండర్ తొంభై శాతం నిండుతుందనుకుంటే, నిమిషానికి రెండున్నర ఘనపు మీటర్లు. దాని బరువెంత అన్నది ఊరిని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. కేటలాగులు రాసేవాళ్ళు ఈ సంగతి మన కోసం రాయరు. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడే 0.95 బార్. దానికి మే నెల 42 డిగ్రీల ఎండ తోడైతే ఘనపు మీటరు గాలి 1.05 కిలోలు తూగుతుంది. సముద్రపు ఒడ్డున 15 డిగ్రీల చల్లదనంలో అదే గాలి 1.22 కిలోలు తూగుతుంది. అంటే మన వేసవి గాలిలో ఏడో వంతు ముందే ఎగిరిపోయింది. ఈ లెక్కన ఇంజన్ సొంతంగా నిమిషానికి పీల్చేది 2.65 కిలోలు. కావలసింది 7.2. టర్బో పూడ్చాల్సిన లోటు అది.

గాలిని 2.7 రెట్లు చిక్కబరచాలి. ఒత్తితే వేడెక్కిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ దాటాక గాలి 60 డిగ్రీల దగ్గర ఉంటుందనుకుంటే సిలిండర్లకు గాలి పంచే మ్యానిఫోల్డ్‌లో మొత్తం ఒత్తిడి 2.7 బార్ కావాలి. ఇంటర్‌కూలర్ గొట్టాల్లో పోయే పదో వంతు బార్ కలిపితే కంప్రెసర్ బయటికి ఇవ్వాల్సింది 2.8. లోపలికి వచ్చేటప్పుడు ఎయిర్ ఫిల్టర్ కాస్త లాగేసుకుంటుంది కాబట్టి అది పీల్చేది 0.92 దగ్గర. 2.8ని 0.92తో భాగిస్తే సుమారు 3.05. దీన్నే ఒత్తిడి నిష్పత్తి అంటారు. టర్బోను ఎంచుకునే అంకె ఇదే. డ్యాష్‌బోర్డు మీద బిగించుకునే బూస్ట్ మీటరు ఇది చూపదు. అది బయటి గాలిని సున్నాగా పట్టుకుని 1.75 అంటుంది. అదే కారు చెన్నై దగ్గరి ట్రాక్‌కు వెళ్తే మీటరు 1.69 చూపుతుంది, నిష్పత్తి 2.86కు దిగుతుంది. మీటరులో తేడా ఆరు వందో వంతులే. టర్బో మీద భారం తేడా అంతకు మూడు రెట్లు. ‘చెన్నైలో బాగానే నడిచింది, ఇక్కడెందుకు పోయింది’ అనే ప్రశ్నకు చాలాసార్లు జవాబు దక్కన్ పీఠభూమే.

ఇప్పుడు కేటలాగు తెరవాలి. ప్రతి టర్బోకూ కంప్రెసర్ మ్యాప్ అని ఒక పటం ఉంటుంది. అడ్డంగా గాలి ప్రవాహం, నిలువుగా ఒత్తిడి నిష్పత్తి. మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో ఒకదాన్లో ఒకటి గీతలు, సర్వే పటంలో గుట్ట ఎత్తు చూపే గీతల్లా. ఆ గుట్ట శిఖరం దగ్గర కంప్రెసర్ సమర్థత ఎక్కువ. పటానికి ఎడమ గట్టు సర్జ్ గీత. దానికి ఎడమ పక్కకు వెళ్తే గాలి తక్కువ, ఒత్తిడి ఎక్కువ. చక్రం తోసిన గాలిని ఇంజన్ తీసుకోక అది వెనక్కి తన్నుతుంది. గాలి ముందుకూ వెనక్కూ ఊగుతూ చక్రాన్నీ బేరింగునూ కుదిపేస్తుంది. కుడి గట్టు చోక్ గీత. అక్కడ చక్రం ఎంత వేగంగా తిరిగినా అంతకు మించి గాలి పోదు.

ఆ రెండు గట్ల మధ్యే ఇంజన్ బతకాలి. 4,500 చుట్ల దగ్గర ఒక్క చుక్క పెట్టి ‘సరిపోయింది’ అనడం కాదు. 2,000 దగ్గర, 3,000 దగ్గర కూడా చుక్కలు పెట్టి గీత కలపాలి. పెద్ద టర్బో కొనేవాళ్ళు మోసపోయేది ఇక్కడే. పై చుక్క గుట్ట శిఖరం మీద అందంగా కూర్చుంటుంది, కింది చుక్కలు సర్జ్ గట్టు దాటి పక్క పొలంలో పడతాయి.

శిఖరానికి దూరమైతే ఏమవుతుంది? గాలి వేడెక్కుతుంది. 42 డిగ్రీల గాలిని 3.05 రెట్లు ఒత్తితే, 70 శాతం సమర్థత ఉన్న కంప్రెసర్ నుంచి అది సుమారు 210 డిగ్రీల వేడితో బయటికొస్తుంది. సమర్థత 60కి పడితే దాదాపు 240. పకోడీలు వేగే నూనె కంటే వేడి గాలి అది. దాన్ని 60కి దించే భారం ఇంటర్‌కూలర్ మీద పడుతుంది. మే నెలలో చల్లార్చడానికి ఎదురొచ్చే గాలే 42 డిగ్రీలు మరి. ఇక ఆ ఒత్తడానికి కంప్రెసర్ తినే శక్తి 20 కిలోవాట్లు, అంటే 27 గుర్రాలు. అరచేతిలో ఇమిడే చక్రం ఒక స్కూటర్ ఇంజన్‌ను మించిన శక్తిని మింగుతోంది. 44 మిల్లీమీటర్ల చక్రం నిమిషానికి రెండు లక్షల చుట్లు తిరిగితే దాని అంచు వేగం సెకనుకు 460 మీటర్లు. శబ్దవేగం కంటే ఎక్కువ.

కేటలాగులో ఇంకో గుంట ఉంది. చాలా టర్బోల పక్కన ‘ఇన్ని గుర్రాల వరకు’ అని రాసి ఉంటుంది. ఉదాహరణకు గారెట్ వాళ్ళ జీటీ1544. పేరులోని చివరి 44 కంప్రెసర్ చక్రం వ్యాసం, మిల్లీమీటర్లలో. ఆ పక్కన వేసే గుర్రాలు మామూలుగా పెట్రోలు లెక్కలో వేసినవి. పెట్రోలు ఇంజన్ పన్నెండు పదమూడు పాళ్ళ గాలితో సరిపెట్టుకుంటుంది. డీజిల్‌కు ఇరవై పాళ్ళు కావాలి. నూనె పొదుపులో డీజిల్ ముందున్నా, గుర్రానికి ఇంత గాలి అని చూస్తే అది నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఎక్కువ తాగుతుంది. కాబట్టి కేటలాగులో 150 అని ఉన్న టర్బో మన డీజిల్‌కు 110, 120 దగ్గరే చోక్ గట్టుకు ఆనుకుంటుంది. గుర్రాలను చూడకూడదు, గాలి బరువును చూడాలి. ఉస్తాద్ అడిగిన మొదటి ప్రశ్న అందుకే అది.

ఆ రోజు ఉస్తాద్ ప్రశ్నకు జవాబు తోచక, “అయితే ఇంకా పెద్దది పెడదాం” అన్నాడు కుర్రాడు. షెడ్డులో ఈ వాదన రోజూ ఉండేదే అనిపించింది. ఉస్తాద్ పక్కన పడి ఉన్న రెండు పాత టర్బో కోర్‌లు తీసి వాడి చేతికిచ్చాడు, ఒకటి చిన్నది, ఒకటి కాస్త పెద్దది. “తిప్పు.” చిన్నది గోటితో మీటితే తిరిగింది. పెద్దది బద్ధకంగా కదిలింది. దీని వెనక లెక్క చాలా కఠినమైనది. ఒకే ఆకారంలో ఉన్న చక్రాలకు తిరగడంలో ఉండే బద్ధకం వ్యాసం ఐదవ ఘాతంతో పెరుగుతుంది. చక్రాన్ని అయిదో వంతు పెద్దది చేస్తే, అంటే 44 నుంచి 53 మిల్లీమీటర్లకు పోతే, దాన్ని లేపడానికి రెండున్నర రెట్లు తంటాలు పడాలి. మొదటి గేరులో 4,500 దాకా లాగి రెండో గేరు వేస్తే ఇంజన్ దాదాపు సగానికి దిగుతుంది. అక్కడ పెద్ద టర్బో మళ్ళీ నిద్రపోతుంది. 402 మీటర్ల డ్రాగ్‌లో నిద్రపోవడానికి వ్యవధి లేదు. పక్క లేన్లో వాడు చిన్న టర్బోతో ముందుకెళ్ళిపోతాడు. వీడి వెనక మాత్రం ఆల్కో ఇంజన్ పొగ.

ఇంతసేపూ కంప్రెసర్ గురించే మాట్లాడాం. అసలు పేచీ టర్బైన్ వైపు ఉంటుంది. ఈ సంగతి చెప్పడానికి దబీర్‌పురాలో ఉపమానం వెతకనక్కర్లేదు. పాత నగరం కోట గోడకు ఉన్న పదమూడు దర్వాజాల్లో ఇప్పుడు మిగిలినవి రెండే, పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా. గోడ కట్టడం మొగలుల సుబేదారు ముబారిజ్ ఖాన్ మొదలుపెడితే మొదటి ఆసఫ్ జా పూర్తి చేయించాడు. ఏనుగులకూ పల్లకీలకూ చాలిన ఆ కమాను ఆటోలు, బైకులు, తోపుడుబండ్ల రోజులకు చాలదు. పొద్దున్నే జనం తక్కువ, దూసుకుపోవచ్చు. సాయంత్రం అదే కమాను దగ్గర వెనక వరస పెరుగుతూ పోతుంది.

టర్బైన్ హౌసింగ్ కూడా ఇలాంటి దర్వాజానే. పొగ నత్తగుల్లలాంటి దారిలో చుడుతూ వచ్చి చక్రానికి తగులుతుంది. ఆ దారి వైశాల్యాన్ని, ఇరుసు నుంచి ఆ దారి మధ్యకు ఉన్న దూరంతో భాగిస్తే వచ్చే అంకెను ఎ బై ఆర్ అంటారు. అంకె చిన్నదైతే దారి ఇరుకు. పొగ తక్కువున్నప్పుడు కూడా జోరుగా తగిలి చక్రాన్ని త్వరగా లేపుతుంది. ఇంజన్ చుట్లు పెరిగాక మాత్రం సాయంత్రపు దర్వాజా అయిపోతుంది, పొగ వెనక్కి పేరుకుంటుంది. పిస్టన్ గాలి పీల్చాల్సిన శక్తిని పొగను బయటికి నెట్టడానికి ఖర్చు పెడుతుంది. మన లెక్కకే చూడండి. 700 డిగ్రీల పొగతో ఆ 20 కిలోవాట్లు రాబట్టాలంటే, టర్బైన్ సమర్థత 65 శాతం ఉంటే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌లో సుమారు 2.9 బార్ ఒత్తిడి నిలుస్తుంది. లోపలికొచ్చే గాలి 2.7 కాబట్టి పరవాలేదు, దాదాపు సమానం. టర్బైన్ సరిగ్గా కుదరక సమర్థత 50కి పడితే ఆ 2.9 కాస్తా నాలుగు బార్లు దాటుతుంది. అప్పుడు బూస్ట్ మీటర్లో అంకె బాగానే కనిపిస్తుంది, కారు మాత్రం కదలదు. మీటరు చూసి మురిసిపోయేవాళ్ళు ఎగ్జాస్ట్ వైపు కూడా ఒక మీటరు పెట్టుకుంటే సగం భ్రమలు తొలగిపోతాయి.

ఈ ఇరుకుకు పాత పరిష్కారం వేస్ట్‌గేట్. ఒత్తిడి చాలినంత రాగానే పక్క తలుపు తెరుచుకుని మిగిలిన పొగ చక్రాన్ని తాకకుండా పోతుంది. ఇంకా తెలివైనది కదిలే రెక్కల టర్బో, మనవాళ్ళు వీజీటీ అంటారు. దర్వాజా వెడల్పును వేళను బట్టి మార్చుకోగలిగితే ఎలా ఉంటుందో అలా. కుర్రాడి ఇంజన్ వంశంలోనే దీనికి రుజువుంది. మామూలు టర్బోతో 75 గుర్రాలు, 2,000 చుట్ల దగ్గర 190 న్యూటన్ మీటర్ల లాగుడు ఇచ్చిన అదే 1,248 సీసీ ఇంజన్, ఎస్ఎక్స్4, ఎర్టిగా కార్లలో వీజీటీతో 90 గుర్రాలకు, 1,750 దగ్గరే 200 న్యూటన్ మీటర్లకు చేరింది. శక్తీ పెరిగింది, లాగుడూ ముందే అందింది. మామూలు టర్బోలో ఒకటి కావాలంటే రెండోది వదులుకోవాల్సిందే. రెక్కలు మసి పట్టి బిగుసుకుపోవడం దీని జబ్బు, షెడ్డుల్లో సగం బేరం ఆ జబ్బుతోనే. పెట్రోలు కార్లలో ఇవి అరుదు, పొగ వేడికి రెక్కలు నిలవవు. డీజిల్ పొగ అంతకంటే చల్లన.

చల్లన అంటే 700, 800 డిగ్రీలు. ఎర్రగా కాలే వేడిలో లక్షల చుట్లు తిరిగే చక్రాన్ని మామూలు ఉక్కుతో చేయలేరు, నికెల్ ప్రధానంగా ఉన్న మహామిశ్రమ లోహాలు కావాలి. దబీర్‌పురా నుంచి కొద్ది కిలోమీటర్ల దూరంలో కంచన్‌బాగ్‌లో ఈ జాతి లోహాలు కరిగించే మిధాని ఉంది, 1973లో పెట్టింది. జెట్ ఇంజన్ల టర్బైన్ రెక్కలను పోతపోసే విద్య మీద పనిచేసే డీఎంఆర్ఎల్ ప్రయోగశాల కూడా అక్కడే. యుద్ధవిమానం ఇంజన్లోని రెక్కా, స్విఫ్ట్ టర్బోలోని చక్రమూ లోహశాస్త్రంలో దాయాదులు. ఇక్కడొక హెచ్చరిక. పెట్రోలు బండిలో పెట్రోలు ఎక్కువ పోస్తే పొగ చల్లబడుతుంది. డీజిల్‌లో ఉల్టా, నూనె పెరిగితే వేడి పెరుగుతుంది. ఇంజన్ కంప్యూటర్‌లో లెక్కలు మార్చే రీమ్యాప్ చేయించి గాలి పెంచకుండా నూనె పెంచినవాడి టర్బైన్ చక్రం, ఆ వెనకే పిస్టన్ నెత్తి, కరిగిపోయేది అందుకే.

డీజిల్‌తో పందెమేమిటని నవ్వేవాళ్ళున్నారు. 1952 ఇండియానాపొలిస్ 500 పోటీలో కమిన్స్ కంపెనీ 6.6 లీటర్ల డీజిల్ కారును దించింది. డ్రైవరు ఫ్రెడ్ అగబాషియన్. అర్హత పరుగులో గంటకు 222 కిలోమీటర్ల సగటుతో ముందు వరసలో మొదటి చోటు గెలుచుకున్నాడు. ఆ పోటీకి టర్బోతో వచ్చిన మొదటి కారు అదే. అసలు పోటీలో 200 ల్యాపులకు గాను 71వ ల్యాపులో ఆగిపోయింది. ఇంజన్ చెడలేదు. టర్బోకు గాలి వెళ్ళే నోరు కారు ముక్కు దగ్గర కిందికి పెట్టారు. ట్రాక్ మీద రాలిన టైరు రబ్బరు ముక్కలను అది పీల్చి పీల్చి మూసుకుపోయింది. మొదటి చోటు గెలిచిన టర్బోను ఒక జాలీ లేని నోరు ఓడించింది. నాకు ఈ కథ చాలా ఇష్టం. మ్యాపులు, ఘాతాలు అన్నీ చూసుకుని ఫిల్టర్ ఎక్కడ పెట్టాలో మర్చిపోయేవాణ్ణి నేనూ కావచ్చు.

2006లో ఆడి ఆర్10 లీ మాన్స్ 24 గంటల పోటీ గెలిచింది, డీజిల్‌కు అక్కడ మొదటి గెలుపు. 5.5 లీటర్లు, పన్నెండు సిలిండర్లు, రెండు టర్బోలు, 650 గుర్రాలకు పైన. ఆ కారుకు నిబంధనలు అనుమతించిన మొత్తం ఒత్తిడి 2.94 బార్. మన స్విఫ్ట్ కుర్రాడు అడుగుతున్నది 2.7. ఇది తెలిసినప్పుడు కాస్త జంకాను. అదే ఏడు జేసీబీ వాళ్ళు తమ మట్టి తవ్వే యంత్రాల ఇంజన్లనే సవరించి, 5 లీటర్లవి రెండు బిగించిన కారుతో అమెరికా ఉప్పుమైదానంలో గంటకు 563 కిలోమీటర్లు అందుకున్నారు. ఒక్కో ఇంజన్ 750 గుర్రాలు. అందుకు ఒక టర్బో గాలిని ఇంకో టర్బోకు అందించే రెండంచెల ఏర్పాటు వాడారు. నిష్పత్తి మూడు, మూడున్నర దాటాక ఒకే చక్రంతో సాధించబోతే అంచు వేగాన్నీ వేడినీ అది తట్టుకోలేదు, పనిని పంచాల్సిందే.

మన దగ్గర ఫోక్స్‌వాగన్ 2010లో మొదలుపెట్టిన పోలో కప్ కార్లు 1.6 లీటర్ల టీడీఐ డీజిల్‌వే, 130 గుర్రాలు. లీటరుకు 81. ఒక పెద్ద కంపెనీ ఇంజనీర్లు పందెం కారుకు చాలనుకున్న అంకె అది. మన కుర్రాడు లీటరుకు 96 అడుగుతున్నాడు. స్టేషన్లోని డబ్ల్యూడీఎం-2 ఒక్క సిలిండరే పదకొండు లీటర్లు, మొత్తం 175 లీటర్లకు 2,600 గుర్రాలు, లీటరుకు 15 లోపే. అదేమో దశాబ్దాలు నడిచింది. పోలో కప్ రెండేళ్ళకు పెట్రోలు ఇంజన్లకు మారిపోయింది. హైదరాబాదులో 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా-ఇ పోటీలో ఇంజనే లేదు, అంతా కరెంటు. డీజిల్ టర్బో ముచ్చట పాతబడుతున్న ముచ్చటే, ఒప్పుకుంటాను. అయినా ఇంకా షెడ్డు ముందు కార్లు ఆగుతూనే ఉన్నాయి.

రెండ్రోజుల తర్వాత నా లెక్క కాగితం పట్టుకుని షెడ్డుకు వెళ్ళాను. ఉస్తాద్ 3.05 అన్న అంకె మీద వేలు పెట్టి తల అడ్డంగా ఊపాడు. “హెడ్ గాస్కెట్ లేస్తది సాబ్.” గుర్రాలను 105కు తగ్గించి మళ్ళీ వేశాం. గాలి నిమిషానికి 6.3 కిలోలు, మ్యానిఫోల్డ్‌లో 2.36 బార్, నిష్పత్తి 2.7కు కాస్త లోపు. చుక్క చోక్ గట్టు నుంచి గుట్ట వైపు జరిగింది. చిన్న చక్రం, ఇదే ఇంజన్ పెద్దన్నకు కంపెనీయే వాడిన వీజీటీ జాతిది, దాంతోపాటు పెద్ద ఇంటర్‌కూలర్. ఫిల్టరు రేడియేటర్ వేడి తగలని చోట, కింద కాకుండా పైన. పాత టర్బో దొరికితే ఇరుసు పైకీ కిందికీ కాస్త ఆడినా పరవాలేదు, బేరింగులో ఆయిల్ పొర కోసం ఆ సందు ఉండాలి. ముందుకీ వెనక్కీ ఆడితే మాత్రం ముట్టుకోవద్దు. కంప్రెసర్ రెక్క అంచు మీద గోరంత గాటున్నా సరే, వద్దు. పరుగు అయ్యాక ఒకటి రెండు నిమిషాలు ఇంజన్ ఊరికే నడవనివ్వాలి. లేకపోతే ఎర్రటి ఇరుసు మీద నిలిచిపోయిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది.

కుర్రాడు వచ్చాడు. 105 అంటే మొహం మాడ్చుకున్నాడు. కాసేపు బేరమాడి 108కి ఒప్పించబోయి విరమించుకున్నాడు. వెళ్తూ వెళ్తూ అసలు కోరిక బయటపెట్టాడు.

“కాలు తీసినప్పుడు ‘ష్ష్’ అని సౌండొస్తది కద ఉస్తాద్, ఆ బ్లో-ఆఫ్ వాల్వ్ కూడ పెట్టు.”

పెట్రోలు బండిలో కాలు తీయగానే గాలి రెక్క మూసుకుంటుంది. వస్తున్న గాలి దాన్ని గుద్దుకుని వెనక్కి తన్నకుండా బయటికి వదిలే వాల్వ్ అది. డీజిల్‌లో కాలు తీస్తే ఆగేది నూనె, గాలి దారి తెరిచే ఉంటుంది. వదలాల్సిన గాలే లేదు.

ఉస్తాద్ పానా తుడుచుకుంటూ అన్నాడు, “ఆ సౌండ్ ఫోన్ల దొరుకుతది బేటా. రింగ్‌టోన్ పెట్టుకో.”